సుజాత పీస్ లిల్లీ

మార్చి 17, సోమవారం

స్టాఫ్ రూమ్ కిటికీలో సుజాత కుండీ వాలిపోయి ఉంది. పీస్ లిల్లీ. ఆకులన్నీ కుండీ అంచు మీదుగా కిందికి వేలాడుతున్నాయి. ఒక తెల్ల పువ్వు ఉండేది, అదీ గోధుమరంగుకు తిరిగింది. సుజాత బడి మానేసి నాలుగు రోజులు. మానేసి కాదు, తీసేసి. అప్పటి నుంచి దానికి చుక్క నీళ్లు లేవు. మిగిలిన టీచర్లం పన్నెండు మందిమి. చేయి చాపితే నీళ్ల క్యాన్. ఒక్కరికీ గ్లాసు నీళ్లు పోయాలని తోచలేదు.

ఊడ్చే లక్ష్మమ్మ వచ్చి, "పారేద్దునా మేడమ్? ఎండిపాయ," అంది.

"నిన్నెవురన్నా అడిగినారా?" అని కసిరాను. పాపం ఆమె తప్పేమీ లేదు. ఈమధ్య ఎవరు కనిపిస్తే వాళ్ల మీద విరుచుకుపడుతున్నాను.

ఒంటిపూట బడి అయిపోగానే కుండీని స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకొని ఇంటికి తెచ్చాను. మా ఆయన అన్నానికి వచ్చి, "ఎవురిదిది?" అన్నాడు. "స్కూల్ది," అన్నాను. బడిలో ఉన్నది బడిదే కదా.

రెండు మగ్గులు పోశాను. సాయంత్రం ఆరింటికల్లా ఆకులన్నీ నిటారుగా లేచాయి. పొద్దున చచ్చినట్టు పడి ఉన్న చెట్టు ఇదేనా అనిపించింది. పన్నెండు మందిలో ఈ పని నేను తప్ప ఇంకెవరూ చేయలేదు. ఆ సంగతి రాసి పెట్టుకోవాలి.

మార్చి 18

ఇది ఎవరూ చదవరు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదో తేదీ, పదకొండున్నర. వార్షికోత్సవానికి గ్రౌండులో డాన్సు రిహార్సల్. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఇరవై మంది. సుజాతకు అప్పజెప్పిన పని అది. మున్నీ అనే పిల్ల కళ్లు తిరిగి స్టేజీ మెట్టు మీద పడింది. నుదురు పగిలింది. ఏడు కుట్లు, కడపలో మూడు రోజులు ఆసుపత్రి. రంజాన్ నెల, పిల్ల ఉపవాసంలో ఉంది.

పన్నెండో తేదీ కరస్పాండెంట్ యోగానంద సార్ ఒక కాగితం స్టాఫ్ రూముకు పంపాడు. అయిదు వాక్యాలు. నాలుగు నిజాలు. అయిదోది: పాప ఉపవాసంలో ఉన్న సంగతి తెలిసి కూడా సుజాత గారు యాజమాన్యానికి చెప్పలేదు. కింద పన్నెండు మంది సంతకాలు. నాది ఏడోది. మొదటిదీ కాదు, చివరిదీ కాదు. నేను చేయకపోతే పదకొండు ఉండేవి, అంతే తేడా. ఆ వాక్యం నేను రాయలేదు.

మరుసటి రోజు సాయంత్రం సుజాత సంచి సర్దుకొని వెళ్లిపోయింది. నా వైపు కనీసం చూడలేదు. ఆరేళ్లు జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. నా డబ్బాలో చిత్రాన్నం తిన్న మనిషి. పోయేటప్పుడు ఒక్క మాట లేదు.

కోపం రాదా మరి.

మార్చి 19

మళ్లీ రెండు మగ్గులు పోశాను. ఆకులు బాగున్నాయి.

మార్చి 21

గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన తెల్ల పింగాణీ కుండీ షోకేసులో ఊరికే పడి ఉంది. అడుగున చిల్లు లేదు, ఇల్లు తడవదు. ఆ నల్ల ప్లాస్టిక్ కుండీలోంచి తీసి మట్టితో సహా ఇందులోకి దించాను. హాల్లో టీవీ పక్కన పెడితే గదికే అందం వచ్చింది. సుజాత దగ్గర ఉన్నప్పుడు దీనికి ఈ సోకు ఎక్కడిది.

సార్ పిలిచి ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్ బాధ్యత నాకు ఇచ్చాడు. "మీరు సీనియర్ గదా మేడమ్. పద్ధతి తెలిసిన మనిషి," అన్నాడు. మొన్నటిదాకా అది సుజాత క్లాసు.

నాకు సుజాత మీదే కోపం. గట్టిగా అరిచి ఉండాల్సింది. గది మధ్యలో నిలబడి అందరినీ కడిగేసి ఉండాల్సింది. ఏమీ అనకుండా సంచి సర్దుకుంటే, తప్పు చేసిందనే కదా లోకం అనుకుంటుంది.

నీళ్లు పోశాను.

మార్చి 24, సోమవారం

మళ్లీ వాలిపోయింది. వారం రోజులుగా పూట తప్పకుండా పోస్తున్నాను కదా. ఆకుల కొసలు కాలినట్టు అయ్యాయి. కింది ఆకులు రెండు పసుపు పచ్చ. ఇంత చేసినా ఇది తల వేలాడేస్తే ఇంకేం చేయాలి నేను? మూడు మగ్గులు పోశాను.

పొద్దున పట్టీ చూస్తూ హాజరు పిలుస్తూ మున్నీ పేరు కూడా పిలిచాను. ఆ పిల్ల ఇంకా బడికి రావడం లేదు. వెనక బెంచీలోంచి ఐశ్వర్య లేచింది.

"మేడమ్, సుజాత మేడమ్ ఎప్పుడొస్తాది?"

"రాదు. కూర్చో."

"ఆయమ్మ సార్‌కు చెప్పింది మేడమ్, మున్నీ ఒక్కపొద్దుండాదని. మేమంతా ఇన్నాము."

"పరీక్షలు పెట్టుకొని నీకెందుకవన్నీ? పుస్తకం తీ," అన్నాను.

తీసింది. తీస్తూ నా వైపు చూసింది. పదమూడేళ్ల పిల్ల చూపు అది. నాకు ఒళ్లు మండిపోయింది.

సరే. జరిగింది జరిగినట్టు రాస్తానన్నాను కదా. నేనూ విన్నాను. మైకు వైరు చుట్టుకుంటూ వాళ్లకు నాలుగు బారల దూరంలో ఉన్నాను.

సుజాత అంది: "సార్, మున్నీ ఒక్కపొద్దు ఉండాది. ఎండ శానా ఉండాది. ఆ పిల్లను నీడలో కూర్చోబెడతా."

సార్ అన్నాడు: "ఒకర్ని కూర్చోబెడితే ఇరవై మందీ కూర్చుంటారు. ఇంకొక్క రౌండు కానీ."

ఆ రౌండులోనే పిల్ల పడింది.

మార్చి 26

మైదుకూరు రోడ్డులో గఫూర్ నర్సరీకి కుండీ తీసుకుపోయాను. అరవై దాటిన మనిషి. షేడ్ నెట్ కింద స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆయనా ఉపవాసమే. కుండీని చేతిలోకి తీసుకొని బరువు చూశాడు.

"ఏంది మేడమ్ ఇది, బావినే మోసుకొచ్చినట్లుండావు. నీళ్లు ఎన్నిసార్లు పోస్తాండావు?"

"దినామూ. రెండుసార్లు."

"ఎందుకు?"

"వాలిపోతాంది కాబట్టి."

నవ్వలేదు ఆయన. మొక్కను మొదలు పట్టుకొని బయటికి లాగాడు. మురుగు కాలువ వాసన. వేర్లు నల్లగా, పట్టుకుంటే పేస్టులా ఊడి వస్తున్నాయి.

"సూడు. నీళ్లు లేకున్నా ఇట్లనే వాలిపోతాది, ఎక్కువై వేరు కుళ్లినా ఇట్లనే వాలిపోతాది. పైన సూస్తే తెలీదు. మట్టిలో ఏలు పెట్టి సూడల్ల. ఒక్క దినమన్నా పెడితివా?"

"నాకు చెప్పినోళ్లు ఎవురు?" అన్నాను.

"ఏలు నీదే గదా మేడమ్."

నాకు పాఠం చెప్పడానికి ఈయనెవరు అనిపించింది. కుండీ లాక్కొని వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లలేదు. ఆయన కత్తెర తుడిచి, నల్ల వేర్లన్నీ కత్తిరించాడు. తెల్లగా గట్టిగా ఉన్నవి పిడికెడు కూడా మిగల్లేదు. పసుపు ఆకులు, కాలిన ఆకులు కోసేశాడు. చిల్లులున్న చిన్న కుండీలో కొబ్బరి పొట్టు, ఎర్రమట్టి, కొంచెం ఇసుక కలిపి నాటాడు. ఎండ తగలని వెలుగులో పెట్టమన్నాడు. కుళాయి నీళ్లు బక్కెట్లో పట్టి, ఒక దినం ఉంచి, పై మట్టి ఆరినాకే పోయమన్నాడు. పింగాణీ కుండీ తిరిగి నా చేతికిచ్చి, "దీంట్లో చెంచాలు పెట్టుకో," అన్నాడు.

"బతుకుతాదా?"

"చెప్పలేను. శానా ఆలస్యంగా తెచ్చినావు."

నాది ఏ బడో ఆయన అడిగి తెలుసుకున్నాడు. తర్వాత అన్నాడు. "మున్నీ వాళ్ల నాయన అబ్దుల్ వాహిద్ మా మసీదుకే వస్తాడు. పిల్ల ఒక్కపొద్దు దాపెట్టింది, మాదేం తప్పు లేదని మీ బడోళ్లు ఒక కాగితం సూపించినారంట. ఆ పిల్ల ఏడుస్తాందంట, నేను మేడమ్‌కు చెప్పినా అబ్బాజాన్, దాపెట్టలా అని. ఎం.ఈ.ఓ.కు అర్జీ పెట్టినాడు."

మేము సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట లేదు, వాళ్లకు సార్ ఇంకోటి రాయించి చూపించాడన్నమాట. చేతులు కడుక్కోవడానికి డ్రమ్ము దగ్గర నీళ్లున్నాయి. కడుక్కోకుండానే వచ్చేశాను.

మార్చి 27

అయిదు ఆకులు మిగిలాయి.

మార్చి 28, శుక్రవారం

మార్కుల రిజిస్టర్లు ఇవ్వడానికి సార్ గదిలోకి పోయాను. ఫోనులో ఉన్నాడు. నన్ను కూర్చోమని సైగ చేశాడు. స్పీకర్‌లో ఒక ఆడమనిషి గొంతు. పులివెందులలో ఏదో బడి నుంచి. సుజాత అక్కడ ఉద్యోగానికి పోయిందట, ఇక్కడ ఎలా పనిచేసేదని అడుగుతున్నారు.

"ఆమెనా? పసిబిడ్డ పానం మీదికి తెచ్చిన మనిషమ్మా ఆమె," అన్నాడు సార్. "నేను చెప్పేది కాదు, పన్నెండు మంది టీచర్లు సంతకం పెట్టినారు. కావాలంటే పంపిస్తా."

అని, ఫైలు తెరిచి, ఆ కాగితాన్ని నా ముందే ఫోటో తీశాడు. సరిగా వచ్చిందో లేదోనని వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఏడో సంతకం కనిపించింది. నా పేరు చివర శ్రీ కొంచెం సాగదీసి రాస్తాను నేను. బాగుందని పిల్లలు కూడా నేర్చుకున్నారు. ఫోటో పులివెందులకు పోయింది.

"రిజిస్టర్లు ఆడ పెట్టండి మేడమ్," అన్నాడు.

పెట్టాను.

ఇంటికొచ్చి పప్పులో ఉప్పు చాలలేదన్నాడని మా ఆయన మీద గిన్నె విసిరాను. తగల్లేదు.

మార్చి 29

గుణశేఖర్‌కు అంతా చెప్పాను. గోడకు ఆనుకొని విన్నాడు. మా ఆయన పద్దెనిమిదేళ్లుగా బంగారం అంగట్లో గుమాస్తా. అంగడి ఓనరు, మా కరస్పాండెంట్ తోడల్లుళ్లు.

"ఇప్పుడేం చేయల్లంటావు?" అన్నాడు.

"విచారణకు వస్తారు. నిజం చెప్తా."

"చెప్తే ఇద్దరమూ ఇంట్లో కూర్చుంటాము. ఆయమ్మకు పోయిన ఉద్యోగం తిరిగొస్తాదా?"

"నీకు భయం. నువ్వెప్పుడూ ఇంతే. ఓనరు తుమ్మితే నువ్వు చేయి అడ్డం పెడతావు."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. గడప దగ్గర ఆగి, నెమ్మదిగానే అన్నాడు. "నువ్వు సంతకం పెట్టిన పొద్దు నేను నీ పక్కన ఉంటినా పద్మా? ఎవురి భయంతో పెట్టినావు అది?"

పోయి గంటైంది.

మార్చి 30, ఉగాది

పచ్చడి చేశాను. ఆయన గడప మీద కూర్చొని తిన్నాడు, నేను వంటింట్లో తిన్నాను. మట్టిలో వేలు పెట్టాను. తడి ఉంది. నీళ్లు పోయలేదు.

ఏప్రిల్ 2

ఇంకో ఆకు పోయింది. నాలుగు.

పద్దెనిమిదో తేదీ రాసింది మళ్లీ చదివాను. సుజాత నా వైపు కనీసం చూడలేదని రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరికోసం అబద్ధం రాశాను?

చూసింది. చూడడం కాదు, అంతకు ముందు రోజే నా దగ్గరికి వచ్చింది. పన్నెండో తేదీ మధ్యాహ్నం. కాగితం ఆరో మనిషి దగ్గర ఉంది. సుజాత నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చి, వంగి, ఎవరికీ వినబడకుండా అంది.

"పద్మక్కా, నువ్వు ఆడనే ఉంటివి కదా. ఒక్క మాట చెప్పక్కా."

నేను హాజరు పట్టీ తెరిచాను. ఫిబ్రవరి నెల శాతాలు కట్టాను. అప్పటికే కట్టేసిన శాతాలు. ఆమె ఎంతసేపు నిలబడిందో తెలియదు, తలెత్తలేదు. కాగితం వచ్చింది, సంతకం పెట్టాను, పక్కకు జరిపాను.

గట్టిగా అరవలేదని ఆమె మీద కోప్పడ్డాను. ఆమె అడగాల్సిన మనిషినే అడిగింది.

ఏప్రిల్ 4, శుక్రవారం

విచారణకు మండల విద్యాధికారి, ఎం.ఈ.ఓ. మేడమ్ వచ్చారు. అందరినీ సార్ గదిలోనే నిలబెట్టారు. సార్ తన కుర్చీలోనే ఉన్నాడు. మూలన ప్లాస్టిక్ కుర్చీలో మున్నీ నాయన అబ్దుల్ వాహిద్, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని.

ఆమె కాగితం చూపించి, "ఈ సంతకాలు మీవేనా?" అని ఒక్కొక్కరినే అడిగారు. మాదే మేడమ్, మాదే మేడమ్. ఆరుగురు అయ్యారు.

"సంతకం నాదే మేడమ్," అన్నాను. "దాంట్లో రాసిండేది అబద్ధం."

మైకు వైరు దగ్గర నుంచి నేను విన్నదంతా, ఎవరు ఏ మాట అన్నారో ఆ మాటే చెప్పాను. ఆమె రాసుకుంటున్నారు.

సార్ నవ్వాడు. "ఎండలకు ఆమెకు ఒంట్లో బాగున్నట్లు లేదు. పద్మశ్రీ మేడమ్, పొయ్యి కూర్చోండి."

"కూర్చోను," అన్నాను. "ఆ పిల్లను కూర్చోబెడతానంటే కూర్చోబెట్టనీలేదు నువ్వు. ఒక్కపొద్దు దాపెట్టిందని పిల్ల మీద ఇంకో కాగితంలో అబద్ధం రాయించినావు. సుజాత అన్నం తినే చోటంతా ఆ కాగితం పంపిస్తాండావు. నాకు ఒంట్లో బాగానే ఉండాది."

పదకొండేళ్లలో ఆయన్ను నువ్వు అనడం ఇదే మొదలు. తర్వాత పీఈటీ వంశీకృష్ణ గొంతు సవరించుకొని, "నేను కూడా విన్నా మేడమ్," అన్నాడు. మిగిలినవాళ్లు నేల చూశారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. నేల చూడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

బయటికొచ్చాక అబ్దుల్ వాహిద్ దగ్గరికి పోయాను. ఏదో ఒక మాట అంటాడని ఆశపడ్డాను, ఎందుకు దాచుకోవాలి. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇన్ని దినాలు ఏం జేస్తాంటివి తల్లీ?" అన్నాడు. "నా బిడ్డ అబద్ధాలకోరని వీధంతా అనిరి."

నేను నోరు తెరిచేలోపే గేటు వైపు నడిచాడు.

రేపటి నుంచి రావద్దని అటెండరుతో చెప్పి పంపాడు సార్. నా టేబుల్ సొరుగు ఖాళీ చేసుకొని వచ్చాను.

ఏప్రిల్ 7

గుణశేఖర్‌ను అడిగాను, ఓనరు ఏమన్నాడని.

"ఏమీ అనలా. మాట్లాడడం మానుకున్నాడు. తాళాల గుత్తి వేరే వాని చేతికి ఇచ్చినాడు."

కాళ్లు కడుక్కొని వచ్చాడు. ఆయనే అన్నాడు, "అన్నం పెట్టు. రేపు పొద్దున్నే పోవల్ల."

ఏప్రిల్ 13

నీళ్లు అరగ్లాసు. వారంలో ఇది రెండోసారి.

ఏప్రిల్ 22

మధ్యలోంచి ఒక ఆకు చుట్టలా వస్తోంది. వేలెడంత. లేత పచ్చ.

ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 25

విచారణ కాగితం వచ్చిందని వంశీకృష్ణ ఫోటో పంపాడు. ఎండలో రిహార్సల్ చేయించింది యాజమాన్యమే, సుజాత ముందుగా చెప్పినట్టు ఇద్దరు టీచర్లు సాక్ష్యం చెప్పారు, ఆమె మీద రాసినది నిరాధారం. సార్‌కు సంజాయిషీ నోటీసు. అంతే. సార్ కుర్చీకి ఏమీ కాలేదు. వార్షికోత్సవం కూడా జరిగిందట, చీఫ్ గెస్ట్‌కు శాలువా కప్పారట.

నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ కోపం వచ్చింది. కోపం వచ్చినా, ఆ ఒక్క మాట 'నిరాధారం' ఉంది కాగితంలో. రేపు జమ్మలమడుగు పోతాను.

ఏప్రిల్ 26, శనివారం

కుండీని ఒళ్లో పెట్టుకొని బస్సెక్కాను. కిటికీ వేడిగాలి తగలకుండా కొంగు కప్పాను. దారి పొడవునా ఏం మాట్లాడాలో కూర్చుకున్నాను. దిగేటప్పటికి ఒక్కటీ గుర్తులేదు.

చర్చి వెనక వీధిలో సుజాత ఇల్లు. గేటు దగ్గరే బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి చేతిలో ఉన్న దుప్పటి ఆరేయడం పూర్తిచేసి, క్లిప్పులు పెట్టి, అప్పుడు వచ్చింది. చిక్కిపోయింది. గేటు తెరవలేదు.

"చెప్పండి మేడమ్," అంది.

ఆరేళ్లు అక్కా అని పిలిచిన నోరు.

విచారణ కాగితం ఫోన్లో చూపించాను. "నాకూ వచ్చింది," అంది.

"పులివెందులోళ్లకు పంపిస్తివా సుజాతా? ఇది చూస్తే..."

"పంపించినా. వాళ్లు ఎప్పుడో వేరే మనిషిని తీసుకున్నారు."

ఎండ నడినెత్తిన ఉంది. నేను చెప్పాల్సింది చెప్పాను. చేసినది చెప్పాను. హాజరు పట్టీ సంగతి, అప్పటికే కట్టేసిన శాతాలు మళ్లీ కట్టిన సంగతి కూడా చెప్పాను. భయపడి అలా చేశానని అనబోయి, ఆ మాట మింగేశాను. క్షమించమని ఒక్కసారే అడిగాను. రెండోసారి అడిగితే ఆమెను బలవంతపెట్టినట్టు ఉంటుంది.

ఆమె విన్నది. కళ్లు తడవలేదు. కుండీ వైపు చూసింది.

"అది నాదే కదా. ఇంకా ఉండాదా?"

"నేనే పాడు చేసినా. నీళ్లు ఎక్కువ పోసి. వేర్లన్నీ పోయినాయి. గఫూర్ అని, నర్సరీ ఆయన, బాగు చేసిచ్చినాడు. నాలుగాకులే."

చేయి చాపింది. గేటు మీదుగా ఇచ్చాను. సైన్సు టీచరు కదా, ముందు మట్టిలో వేలు పెట్టి చూసింది. తర్వాత ఆ చుట్టలా ఉన్న లేత ఆకును గోటితో, తగిలీ తగలకుండా, పక్కకు జరిపి చూసింది.

"మీరు ఆడ చెప్పింది మంచి పని మేడమ్," అంది. "నాకు తెలుసు, మీ ఉద్యోగం కూడా పోయిందంట. వంశీ చెప్పినాడు." కుండీ అంచుకు అంటిన మట్టి తుడిచింది. "కానీ నేను ఆ పొద్దు మీ టేబుల్ కాడ నిలబడిండేది మర్చిపోలేకుండా ఉండా. లోపలికి రమ్మని అనలేను. ఈ పొద్దుకైతే అనలేను."

నెల రోజులుగా నాకు అందరి మీదా కోపమే. ఈమె మీద కూడా రావాలి కదా, ఇంత ఎండలో, ఇంత దూరం వచ్చిన మనిషిని గేటు బయటే నిలబెట్టినందుకు. వెతుక్కున్నాను. లేదు.

"సరే," అన్నాను.

ఆమె కుండీని రెండు చేతులతో పట్టుకొని లోపలికి పోయింది. తలుపు దగ్గరగా వేసుకుంది. గడియ చప్పుడు మాత్రం వినబడలేదు. నేను బస్టాండు వైపు నడిచాను.